పాత అనలాగ్ పెట్టెలా, కంప్యూటర్‌లో ప్లగిన్లా? వరంగల్ వైపు స్టూడియోలకు ఏది గిట్టుబాటు

హన్మకొండ నుంచి జగిత్యాల దాకా ఇప్పుడు ఏ పట్టణంలో చూసినా పాటలు రికార్డు చేసే గది ఒకటైనా కనిపిస్తుంది. యూట్యూబ్‌లో జానపదానికి గిరాకీ పెరిగాక ఒక కంప్యూటర్, ఒక సౌండ్ కార్డు, ఒక మైకు, గోడలకు అంటించిన ఫోమ్ ఉంటే పని మొదలైపోతోంది. నాలుగు పైసలు మిగలడం మొదలయ్యాక ఒక ప్రశ్న వస్తుంది: ఇంతకాలం ప్లగిన్లతో (పరికరాల పనిని కంప్యూటర్‌లోనే చేసే చిన్న ప్రోగ్రాములు) నెట్టుకొచ్చాం, ఇప్పుడైనా అసలు సిసలు అనలాగ్ మాల్ (శబ్దాన్ని అంకెలుగా మార్చకుండా సర్క్యూట్లతోనే నడిపే పరికరాలు) కొనాలా? ఒకపక్క పాత సింథసైజర్ల (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యాలు) వీడియోలు, 'సాఫ్ట్‌వేర్‌లో ఆ జీవం రాదు' అనేవాళ్ళు. ఇంకోపక్క 'వినేవాడికి తేడా తెలియదు' అనేవాళ్ళు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ అసలు ఖర్చు ఎక్కడ పడుతుందో రెండూ చెప్పవు.

క్లుప్తంగా

రికార్డింగ్, మిక్సింగ్ పనికి నేటి ప్లగిన్లు సరిపోతాయి. అనలాగ్‌కు సొంత లక్షణాలు ఉన్న మాట నిజమే, వాటిలో ఎక్కువభాగం సాఫ్ట్‌వేర్‌కు అందుతాయి. ఉత్తర తెలంగాణలో పాత అనలాగ్ పరికరం భారం దాని ధరలో కన్నా ఎండలో, కరెంటులో, రిపేరులో ఎక్కువగా ఉంది. సాఫ్ట్‌వేర్ కూడా పాడవుతుంది, కాకపోతే అది చెడిపోయే తీరు వేరు. స్టేజీ మీద హార్డ్‌వేర్‌కే మొగ్గు, అయితే అది అనలాగే అయి ఉండాలన్న నియమం లేదు.

పాతదల్లా అనలాగ్ కాదు

మొదటి గందరగోళం ఇక్కడే. ఆర్కెస్ట్రాల్లో ఏళ్ల తరబడి మోగిన రోలాండ్ ఆక్టాప్యాడ్‌ను (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) చాలామంది 'పాత అనలాగ్ సౌండ్' అంటుంటారు. 1985లో వచ్చిన మొదటి ఆక్టాప్యాడ్‌లో అసలు సొంత శబ్దమే లేదు, అది వేరే యంత్రానికి మిడి సంకేతం (ఏది మోగించాలో చెప్పే ఆదేశం) పంపేది, అంతే. మన బ్యాండ్ల వాళ్ళకు బాగా తెలిసిన ఎస్‌పీడీ-20 వచ్చింది 1998లో, అందులో ఉన్నవి చిప్‌లో దాచిన డిజిటల్ శబ్దాలు. 1983 నాటి యమహా డీఎక్స్7, 1987 నాటి రోలాండ్ డీ-50, 1988 నాటి కోర్గ్ ఎం1, ఇప్పటికీ పెళ్లిళ్లలో మోగే యమహా పీఎస్ఆర్, క్యాసియో కీబోర్డులు, అన్నీ డిజిటలే.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, పాత డిజిటల్ యంత్రాన్ని కంప్యూటర్‌లోకి తేవడం చాలా తేలిక. డీఎక్స్7 చేసేది గణితం, అదే గణితం కంప్యూటర్ కూడా చేయగలదు. డెక్స్‌డ్ అనే ఉచిత ప్లగిన్‌లో డీఎక్స్7 పాత ప్యాచ్‌లు (దాచిన శబ్దాల సెట్టింగులు) నేరుగా ఎక్కించుకోవచ్చు. చివర్లో డిజిటల్‌ను శబ్దంగా మార్చే పాత చిప్ వల్ల వచ్చే కొద్దిపాటి గరుకుదనం తప్ప పెద్దగా పోయేదేమీ లేదు. కాబట్టి పాత ఎం1 కోసం ఎవరైనా పెద్ద రేటు చెప్తే అది జ్ఞాపకాల రేటు అనుకోవచ్చు.

నిజమైన అనలాగ్ జాబితా వేరే ఉంది. సింథసైజర్లలో 1970 నాటి మినీమూగ్, 1978 నాటి ప్రాఫెట్-5, 1981 నాటి జూపిటర్-8. డ్రమ్ మెషీన్లలో 1980 నుంచి 1983 దాకా తయారైన టీఆర్-808. స్టూడియో సామానులో 1176, ఎల్ఏ-2ఏ లాంటి కంప్రెసర్లు (శబ్దం హెచ్చుతగ్గులను సర్దే పెట్టెలు), టేపు మెషీన్లు, టేపు ఎకోలు, వాల్వు ఆంప్లిఫయర్లు. ఇవి మన దేశానికి రాలేదని కాదు. ముంబయిలో సెషన్ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లోనే జూపిటర్-8, టీబీ-303 అనే బేస్ యంత్రం, టీఆర్-808 పెట్టుకుని రాగాలు వాయించి రికార్డు చేశారు. ప్రపంచం ఆ పనిని పట్టించుకోవడానికి పాతికేళ్లు దాటింది, అది వేరే కథ.

అనలాగ్‌లో ఉన్నదేమిటి

'వెచ్చదనం' అనే మాటతో ఏదీ అర్థం కాదు. విడదీసి చూస్తే కనీసం నాలుగు వేర్వేరు పనులు కనిపిస్తాయి.

మొదటిది సాచురేషన్. వాల్వుకో, ట్రాన్స్‌ఫార్మర్‌కో, టేపుకో మోయగలిగినదానికన్నా కాస్త ఎక్కువ సిగ్నల్ పంపితే అలల కొనలు నున్నగా నలిగిపోతాయి. అలా నలిగినప్పుడు మూల స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల దగ్గర కొత్త స్వరాలు పుడతాయి. 50 హెర్ట్జ్ బేస్ పంపితే 100, 150, 200 హెర్ట్జ్‌లు కూడా వచ్చి చేరతాయన్నమాట. ఇది మన దగ్గర మామూలు విషయం కాదు. జనం పాటలు వినేది ఎక్కువగా ఫోన్‌లో. ఫోన్ స్పీకర్ 50 హెర్ట్జ్‌ను పలకనే పలకదు. కానీ పైనున్న రెట్టింపు స్వరాలు వినిపిస్తే, కింద లేని స్వరాన్ని మెదడు తనే పూరించుకుంటుంది, బేస్ ఉన్నట్టే అనిపిస్తుంది. డీజే బాక్సుల మీద గుండె అదిరే పాట ఫోన్‌లో ఖాళీగా వినిపిస్తోందని ఫిర్యాదు వస్తే, చాలాసార్లు మందు ఈ సాచురేషనే. ఆ మందు అనలాగ్ పెట్టెలోనూ దొరుకుతుంది, ఉచిత ప్లగిన్‌లోనూ దొరుకుతుంది.

రెండోది, గతాన్ని గుర్తుపెట్టుకునే భాగాలు. ఎల్ఏ-2ఏ కంప్రెసర్‌లో ఒక చిన్న వెలుగు పలక, దాని ఎదురుగా కాంతిని బట్టి నిరోధం మారే ఒక ముక్క ఉంటాయి. గొంతు పెద్దదైతే పలక ఎక్కువ వెలుగుతుంది, శబ్దం తగ్గుతుంది. గొంతు తగ్గాక అది వెంటనే మామూలు స్థితికి రాదు, సగం దూరం చప్పున వస్తుంది, మిగతా సగం కొన్ని సెకన్ల పాటు నెమ్మదిగా వస్తుంది. అంతకుముందు ఎంతసేపు, ఎంత గట్టిగా వెలిగిందన్న దాన్ని బట్టి ఆ సమయం కూడా మారుతుంది. మైకుకు అలవాటు లేకుండా ఎత్తుగొంతుతో పాడి, ఉన్నట్టుండి మాటలాగా దించే జానపద గాయకుల మీద ఈ తీరు ఎందుకు బాగా కుదురుతుందో దీనివల్ల అర్థమవుతుంది. 1176 దీనికి పూర్తిగా వేరు, అది సెకనులో పదివేల వంతుల్లో స్పందిస్తుంది, డప్పు దెబ్బ లాంటి వాటికి పనికొస్తుంది.

మూడోది నిలకడ లేకపోవడం. పాత సింథసైజర్లలో స్వరాన్ని వోల్టేజీ నిర్ణయిస్తుంది, ఆ వోల్టేజీని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్లు వేడికి మారిపోతాయి. సరిచేసే ఏర్పాటు లేకపోతే ఒక డిగ్రీకి సుమారు 0.33 శాతం తేడా వస్తుంది. గదిలో వేడి 10 డిగ్రీలు పెరిగితే ఒక ఆక్టేవ్ దూరంలో దాదాపు 40 సెంట్లు (ఒక మెట్టుకు వంద సెంట్లు), అంటే అర మెట్టుకు కాస్త తక్కువగా తప్పుతుంది. తయారీదారులు ఈ మార్పును అదుపు చేసే భాగాలు పెట్టారు కానీ అవి కూడా ముసలివయ్యాయి. ఆ చిన్న ఊగిసలాట వల్లే రెండు ఆసిలేటర్లు (స్వరం పుట్టించే భాగాలు) కలిసి మోగినప్పుడు శబ్దం నిండుగా ఉంటుంది, హార్మోనియంతో కలిపి వాయిస్తే శృతి కలవనిది కూడా అందుకే. 1984 నాటి జూనో-106లో స్వరాన్ని డిజిటల్‌గా నిలబెట్టి మిగతాది అనలాగ్‌గా ఉంచారు, అందుకే అది శృతి తప్పదు.

నాలుగోది కేవలం అదృష్టం. టీఆర్-808లో చురుకైన శబ్దాల కోసం వాడిన ట్రాన్సిస్టర్లు నిజానికి ఫ్యాక్టరీలో పక్కన పడేసిన లోపభూయిష్టమైన సరుకు. తయారీ మెరుగుపడి ఆ చెడ్డ సరుకు దొరకడం మానేశాక ఆ యంత్రాన్ని అలాగే కొనసాగించడం కుదరలేదు. మొత్తం దాదాపు 12 వేలే తయారయ్యాయి. ఇవాళ బారాత్‌లో, నిమజ్జనంలో మోగే ప్రతి రెండో డీజే పాటలో '808 బేస్' ఉంటుంది, అసలు యంత్రాన్ని చూసిన డీజే మాత్రం మొత్తం జిల్లాలో ఒక్కరు దొరికినా గొప్పే.

ప్లగిన్ దీన్ని ఎలా పట్టుకుంటుంది

నకలు చేయడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, సర్క్యూట్‌లో ఉన్న ప్రతి రెసిస్టర్, కెపాసిటర్, ట్రాన్సిస్టర్ ఎలా ప్రవర్తిస్తుందో సమీకరణాలుగా రాసి కంప్యూటర్ చేత లెక్క కట్టించడం. రోలాండ్ తన పాత యంత్రాలకు తనే ఇలా చేసింది. ఆర్టూరియా, యూ-హీ లాంటి కంపెనీలదీ ఇదే దారి. రెండోది, లోపల ఏముందో పట్టించుకోకుండా ఏ సిగ్నల్ పంపితే ఏది బయటికొస్తోందో కొలిచి దాన్ని నేర్చుకోవడం. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గిటార్ ఆంప్లిఫయర్లను ఈ పద్ధతిలోనే పట్టుకుంటుంది.

పాత ప్లగిన్ల మీద వచ్చిన చెడ్డపేరుకు కారణాలు లేకపోలేదు. సాచురేషన్ కొత్త స్వరాలు పుట్టిస్తుందని అనుకున్నాం కదా, డిజిటల్‌లో అవి ఒక హద్దు (శాంప్లింగ్ వేగంలో సగం) దాటితే వెనక్కి మడతపడతాయి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే ప్లగిన్‌లోకి 15 కిలోహెర్ట్జ్ స్వరం వెళ్లిందనుకుందాం. దాని మూడింతలు 45 కిలోహెర్ట్జ్, అది హద్దు దాటింది కాబట్టి 0.9 కిలోహెర్ట్జ్ దగ్గర ప్రత్యక్షమవుతుంది. పాటకు ఏ సంబంధమూ లేని అపశృతి. సన్నాయి, తాళాలు, గజ్జెల మీద వినిపించే ఇనుప కీచుదనం చాలాసార్లు ఇదే. లెక్కను నాలుగింతలు, ఎనిమిదింతలు వేగంగా చేసి చివర్లో తగ్గించుకుంటే ఈ దోషం దాదాపు పోతుంది, ప్లగిన్లలో 'ఓవర్‌శాంప్లింగ్' అనే బటన్ ఉన్నది అందుకే. ఇంకో లోపం, ఫిల్టర్‌లో (కొన్ని స్వరాలను వడకట్టే భాగం) శబ్దం తిరిగి తనలోకే వచ్చే దగ్గర ఒక శాంపిల్ (శబ్దాన్ని కొలిచే ఒక్క లెక్క) ఆలస్యం జరిగేది. 2011లో వచ్చిన దివా లాంటి ప్లగిన్లు ఆ ఆలస్యం లేకుండా లెక్క కట్టాయి, దానికి తగ్గట్టే ప్రాసెసర్‌ను పిండేశాయి. అప్పటి కంప్యూటర్లకు అది బరువు, నేటి మధ్యతరగతి ల్యాప్‌టాప్‌కు మామూలు పని.

ఇంతకూ ఏ యంత్రాన్ని నకలు చేశారు అన్న ప్రశ్న ఎవరూ అడగరు. యాభై ఏళ్లు దాటిన రెండు ఎల్ఏ-2ఏలు పక్కపక్కన పెడితే అవే ఒకదానితో ఒకటి కలవవు, లోపలి వెలుగు పలక ఒకదానిలో ఎక్కువ అరిగి ఉంటుంది, ఇంకోదానిలో వాల్వులు మార్చి ఉంటారు. ప్లగిన్ అనేది ఏదో ఒక యంత్రం ఏదో ఒక రోజు ఉన్న స్థితికి తీసిన ఫొటో. అసలుతో పోల్చి 'కలవలేదు' అనేముందు ఏ అసలుతో అన్నది తేలాలి.

పోల్చేటప్పుడు జరిగే పొరపాటు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రెండు శబ్దాల్లో అర డెసిబెల్ ఎక్కువ ఉన్నది చెవికి 'బాగుంది' అనిపిస్తుంది, ఎక్కువ ఉందని మాత్రం తెలియదు. వాల్యూమ్ సమానం చేయకుండా, ఏది ఏదో దాచకుండా చేసిన పోలిక ఏ పక్షానికీ పనికిరాదు. యూట్యూబ్‌లో ఉన్న పోలిక వీడియోల్లో చాలావాటికి ఇది వర్తిస్తుంది.

ఎండ, కరెంటు, దుమ్ము

ఇక్కడి నుంచి విషయం లండన్‌కూ వరంగల్‌కూ ఒకటి కాదు.

పాత పరికరాల్లో ముందుగా పోయేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్, మెకానిక్‌ల భాషలో కండెన్సర్. లోపల ఉన్న ద్రవం మెల్లగా ఆరిపోతుంది. దాని ఆయుష్షును గంటల్లో లెక్కేస్తారు, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది అందరూ వాడే మోటు లెక్క. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న కండెన్సర్ తీసుకుందాం. పెట్టె లోపల 45 డిగ్రీలు ఉంటే అది 32,000 గంటలు వస్తుంది. లోపల 65 ఉంటే 8,000 గంటలు. రోజుకు ఆరు గంటలు వాడే స్టూడియోలో ఆ 8,000 గంటలు నాలుగేళ్లు కూడా రావు. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో బయటే 45 దాటడం కొత్తేమీ కాదు, ఏసీ లేని గదిలో వాల్వులున్న పెట్టె లోపల ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏసీ పెడితే కరెంటు బిల్లు, ఏసీ చప్పుడు మైకులోకి రాకుండా చూసుకోవడం. అలాగని వాడకుండా అటక మీద పెట్టినా నష్టమే, ఏళ్ల తరబడి కరెంటు తగలని కండెన్సర్ లోపలి పొర బలహీనపడుతుంది. అలాంటిదాన్ని ఒక్కసారిగా 230 వోల్టులకు తగిలిస్తే పొగ రావచ్చు. వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచే వేరియాక్‌తో మేల్కొలపాలి.

కరెంటు విషయం ఇంకా మెలికగా ఉంటుంది. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, మన దగ్గర 230. జపాన్ నుంచి తెప్పించిన యంత్రాన్ని చూసుకోకుండా గోడకు తగిలిస్తే ఆ రోజుతో దాని చరిత్ర ముగుస్తుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే వోల్టేజీ తగ్గుతుంది కానీ ఫ్రీక్వెన్సీ మారదు, ఇది చాలామందికి తట్టని సంగతి. అమెరికా కోసం చేసిన హామండ్ ఆర్గాన్‌లో స్వరాలు పుట్టించే చక్రాలను తిప్పేది 60 హెర్ట్జ్ కరెంటుతో నడిచే మోటారు. మన 50 హెర్ట్జ్ మీద అది నెమ్మదిగా తిరుగుతుంది, మొత్తం ఆర్గాన్ మూడు మెట్లకు పైగా దిగిపోతుంది. ఒకటో శృతి నొక్కితే కింది ఆరో శృతికి ఇంకాస్త దిగువన పలుకుతుంది. కరెంటు ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడిన మోటారు ఉన్న పాత టేపు మెషీన్లకూ ఇదే గతి. జనరేటర్ మీద అయితే ఫ్రీక్వెన్సీ కూడా ఊగుతుంది కాబట్టి పాట మధ్యలో శృతి తేలిపోవచ్చు.

ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో అనలాగ్ పెట్టెలు ఎన్ని కలిపితే అన్ని దారుల్లో 50 హెర్ట్జ్ 'హుమ్' దూరుతుంది. కంప్యూటర్ లోపల ప్లగిన్లు ఎన్ని పెట్టినా హుమ్ పెరగదు. ఇక దుమ్ము చేరితే నాబ్‌లు కరకరమంటాయి, స్లైడర్లు మధ్యలో మూగబోతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టుకుంటే కొన్నాళ్లు నడుస్తుంది.

రిపేరు

వరంగల్‌లో, కరీంనగర్‌లో మైక్ సెట్ ఆంప్లిఫయర్లు, మిక్సర్లు బాగుచేసే చెయ్యి తిరిగిన మెకానిక్‌లు ఉన్నారు. పవర్ సప్లై, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్, ఇవి వాళ్ళకు నీళ్లు తాగినంత తేలిక. చిక్కంతా ఆ యంత్రానికే ప్రత్యేకమైన భాగాల దగ్గర. జూనో-106లో ఒక్కో స్వరానికి ఒక్కో ప్రత్యేక మాడ్యూల్ ఉంటుంది, దాని మీద పోసిన జిగురు పూత కాలం గడిచేకొద్దీ లోపల కరెంటు లీక్ అయ్యేలా చేస్తుంది, స్వరాలు ఒక్కొక్కటిగా పోతాయి. పూతను ఎసిటోన్‌లో నానబెట్టి తీసేయడమో, కొత్తగా తయారవుతున్న నకలు మాడ్యూళ్లు వేయడమో చేయాలి. కోర్గ్ పాలీసిక్స్‌లో లోపలి బ్యాటరీ కారి, బోర్డు మీది గీతలనే తినేస్తుంది. ఇలాంటివాటికి సర్క్యూట్ బొమ్మ ముందు పెట్టుకుని ఓపిగ్గా కూర్చునేవాళ్ళు కావాలి, విడి భాగాల కోసం హైదరాబాద్ కోఠి వెళ్లాలి, అక్కడా దొరకకపోతే విదేశం నుంచి తెప్పించి కస్టమ్స్ కట్టాలి. వాల్వులైతే దాదాపు ప్రపంచం మొత్తానికి రష్యా, స్లొవేకియా, చైనాల్లోని కొద్ది ఫ్యాక్టరీలే దిక్కు, 2022లో యుద్ధం మొదలవగానే సరఫరా, ధరలు ఎలా కుదుపుకు లోనయ్యాయో గిటార్ వాయించేవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ఎలక్ట్రానిక్స్ చదివి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ఇష్టమున్నవాళ్ళకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్ళకు పాడైన యంత్రమే చవక సరుకు, బాగుచేసుకోవడమే లాభం.

సాఫ్ట్‌వేర్ కూడా ముసలిదవుతుంది

ప్లగిన్‌కు ఎండ తగలదు, కానీ దాని కాళ్ల కింద నేల మారుతుంటుంది. టీబీ-303, టీఆర్-808లను కంప్యూటర్‌లోకి తెచ్చిన తొలి ప్రోగ్రాముల్లో ఒకటైన రీబర్త్ 1997లో వచ్చింది, 2005లో ఆగిపోయింది. అది నకలు చేసిన అసలు యంత్రాలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి, మామూలు కంప్యూటర్ మీద రీబర్త్ నడపాలంటేనే తంటా. 2019లో ఆపిల్ తన మ్యాక్ నుంచి 32 బిట్ ప్రోగ్రాములను తీసేసింది, ఒక్క అప్‌డేట్‌తో ఎందరి పాత ప్లగిన్లో పోయాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్‌లో ముగిసింది, విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లతో నడుస్తున్న చిన్న స్టూడియోలకు ఇది దగ్గరి సమస్యే. నెట్ తీసేసి ఉన్నది ఉన్నట్టు నడుపుకునే పద్ధతి కొంతకాలం పనిచేస్తుంది.

ఇంకోటి అద్దె పద్ధతి. 2023 మార్చిలో ప్లగిన్లు అమ్మే వేవ్స్ కంపెనీ ఇకపై చందా తప్ప విడిగా అమ్మబోమని ప్రకటించి, వాడేవాళ్ళు గొడవ చేయడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. చందా ఆగితే పాత పాట ప్రాజెక్టు తెరిచినప్పుడు సగం ప్లగిన్లు మూగబోతాయి. క్రాక్ వర్షన్ల సంగతి ఎవరికీ తెలియనిది కాదు. చట్టం మాట పక్కన పెట్టినా, ఎవరో తెరిచి మళ్ళీ మూసిన ప్రోగ్రాము క్లయింట్ల పాటలున్న కంప్యూటర్‌లో ఏం చేస్తోందో చెప్పలేం, అప్‌డేట్ రాదు, పాట మధ్యలో ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. సర్జ్ ఎక్స్‌టీ, వైటల్, డెక్స్‌డ్ లాంటి ఉచిత సింథ్‌లు ఇంత బాగుండగా క్రాక్ అవసరం చాలావరకు తీరిపోయింది.

ఈ రెండు ముసలితనాలకూ మందు ఉంది. ముఖ్యమైన ప్రతి ట్రాక్‌నూ ప్లగిన్ ఎఫెక్ట్‌తో సహా వేవ్ ఫైలుగా దించి దాచుకుంటే పదేళ్ల తర్వాత ప్లగిన్ ఉన్నా లేకపోయినా పాట ఉంటుంది. అనలాగ్ పెట్టె వాడినవాళ్ళు ఈ పని ఎలాగూ చేయాల్సిందే.

పనిని బట్టి లెక్క

ఊళ్ళో స్టూడియోకు వచ్చే పని ఎలాంటిదో చూస్తే చాలా సంగతులు తేలతాయి. ఎన్నికలప్పుడు ఒకే ట్యూన్‌కు ఊరి పేరు, అభ్యర్థి పేరు మార్చి పదిమందికి ఇవ్వాలి. బోనాల పాట రిలీజ్ అయ్యాక 'గొంతు కొంచెం పెంచు అన్నా' అని రెండు నెలలకు ఫోన్ వస్తుంది. ప్లగిన్లతో చేసిన ప్రాజెక్టు తెరిస్తే ప్రతి నాబ్ ఉన్నచోటే ఉంటుంది, పావుగంట పని. అనలాగ్ కంప్రెసర్ మీద ఉన్న సెట్టింగ్ ఫొటో తీసి పెట్టుకోవాలి, ఆ ఫొటో చూసి తిప్పినా అచ్చం అదే శబ్దం రాదు.

సౌండ్ కార్డు సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఎక్కువమంది దగ్గర ఉన్నవి రెండు ఇన్‌పుట్‌లు, రెండు అవుట్‌పుట్‌ల కార్డులు. ఆ రెండు అవుట్‌పుట్‌లూ స్పీకర్లకే పోతాయి, ఇక రికార్డు చేసిన గొంతును బయటి కంప్రెసర్‌కు పంపేదెలా? పెద్ద కార్డు కొనాలి. పాట నాలుగు నిమిషాలైతే ఒక్కో ట్రాక్‌కూ నాలుగు నిమిషాలు కూర్చోవాలి, పెట్టె ఒకటే కాబట్టి ఒకసారికి ఒకటే. ప్లగిన్ అయితే ఒకే కంప్రెసర్‌ను ముప్పై ట్రాక్‌ల మీద ఒకేసారి పెట్టొచ్చు.

అనలాగ్ గెలిచే చోటు ఒకటుంది, రికార్డింగ్‌కు ముందు. గాయకుడు హెడ్‌ఫోన్‌లో తన గొంతును ఇప్పటికే సర్దుకున్నట్టుగా వింటే పాడే తీరే మారుతుంది. కంప్యూటర్‌లోంచి తిరిగి వచ్చే శబ్దానికి ఆలస్యం ఉంటుంది, 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి పట్టే శబ్దపు మోతాదు) అంటే సుమారు 5.3 మిల్లీసెకన్లు, అదీ ఒక వైపుకే. లోపలికి, బయటికి కలిపితే రెట్టింపు దాటుతుంది. గొంతు విషయంలో కొందరికి ఇది తెలిసిపోతుంది. కాబట్టి ఏదైనా ఒక్క అనలాగ్ వస్తువు కొనాలనుకుంటే మంచి మైక్ ప్రీ-ఆంప్ (మైకు నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచేది) లేదా దాంతోపాటు ఒక కంప్రెసర్, అదీ ఇప్పుడు తయారవుతున్న కొత్తది, వారంటీ ఉన్నది. ఆ మాటకొస్తే గది ప్రతిధ్వనిని సరిచేయకుండా ఇందులో ఏది కొన్నా డబ్బు దండగే.

స్టేజీ లెక్క వేరు. ఎర్రటి ఎండలో, దుమ్ములో ల్యాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, శబ్దం పగులుతుంది. హార్డ్‌వేర్ కీబోర్డు కొద్ది సెకన్లలో లేచి నిలబడుతుంది. కరెంటు పోతే మాత్రం బొమ్మ తిరగబడుతుంది: ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, యూపీఎస్ లేని కీబోర్డు ఆరిపోతుంది. పాత మినీమూగ్‌ను మేడారం జాతర దుమ్ములోకి తీసుకుపోయే సాహసం ఎవరూ చేయరనే అనుకోవాలి, స్టేజీకి ఆక్టాప్యాడ్, కీబోర్డు లాంటి గట్టి డిజిటల్ హార్డ్‌వేర్ చాలు.

మధ్యలో ఉన్నవి, కొనేటప్పుడు చూడాల్సినవి

పాతది కావాలా, సాఫ్ట్‌వేరా అన్న రెండు దారుల మధ్య మూడోది వచ్చి చేరింది. బెరింజర్ కంపెనీ మినీమూగ్, టీబీ-303, టీఆర్-808 సర్క్యూట్లను కొత్త భాగాలతో తక్కువ ధరకు అమ్ముతోంది. మూగ్ కూడా మినీమూగ్‌ను 2016లో, 2022లో మళ్ళీ తయారు చేసింది. నిజమైన అనలాగ్, కొత్త కండెన్సర్లు, మన వోల్టేజీకి సరిపోయే అడాప్టర్. చేత్తో నాబ్ తిప్పుతూ శబ్దం వెతుక్కోవడం ఇష్టపడేవాళ్ళకు ఇవి అర్థమున్న కొనుగోలు. నకలు యంత్రాలు తయారుచేయడం న్యాయమా అన్న వాదన వేరే ఉంది.

పాతదే కొంటామనేవాళ్ళు బేరం కుదుర్చుకునేముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. అరగంట వేడెక్కాక అన్ని స్వరాలు ఒక్కొక్కటిగా నొక్కి చూడటం, అన్ని నాబ్‌లు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పడం, మూత తీయించి బ్యాటరీ దగ్గర పచ్చటి తుప్పు ఉందేమో చూడటం, వెనక రాసున్న వోల్టేజీ చదవడం, కండెన్సర్లు ఎప్పుడు మార్చారో అడగడం. 'వర్కింగ్ కండిషన్' అన్న మాటకు ఇవేవీ లేకుండా విలువ లేదు.

తిరిగి అమ్మేటప్పుడు పాత అనలాగ్‌కు ఒక మేలు ఉంది, బాగుచేసి ఉంచుకుంటే పెట్టిన డబ్బు చాలావరకు తిరిగొస్తుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అయితే కొనేవాడు వరంగల్‌లో దొరకడు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో దొరుకుతాడు, అక్కడిదాకా పగలకుండా పంపే బాధ్యత అమ్మేవాడిదే. ప్లగిన్ లైసెన్సును కొన్ని కంపెనీలు వేరొకరి పేరు మీదికి మార్చనిస్తాయి, కొన్ని దానికి రుసుము తీసుకుంటాయి, కొన్ని అసలే ఒప్పుకోవు. ఆ నిబంధన కొనే పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండదు, లైసెన్సు షరతుల్లో వెతుక్కోవాలి.